చూపు బాగానే ఉంది, అయినా షుగర్ ఉన్న అమ్మకు కంటి యాంజియోగ్రామ్ అవసరమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జడ్చర్లలో ఉండే మీ అమ్మగారికి 56 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. చూపు బాగానే ఉంది, అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం కూడా ఎక్కిస్తారు. క్యాంపులో కంటి లోపలి ఫోటో తీసి రెటీనా (కంటి లోపల వెనక ఉండే, వెలుగును పట్టే పొర) డాక్టర్‌కు చూపించమన్నారు. మహబూబ్‌నగర్‌లో డాక్టర్ చుక్కలు వేసి చూసి, ఓసీటీ అనే కంటి స్కాన్ తీయించి, ఇప్పుడు చేతికి రంగు మందు ఎక్కించి యాంజియోగ్రామ్ చేయాలంటున్నారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.6 ఉంది కాబట్టి ఆ మందు కిడ్నీలను పాడు చేస్తుందని చుట్టాలు భయపెడుతున్నారు. ఇంత అవసరమా, మందు లేకుండా తీసే ఓసీటీ యాంజియో సరిపోదా అని అడిగారు.

నేరుగా చెప్తున్నా, చేయించండి. గుండెకు చేసే యాంజియోగ్రామ్‌లో వాడే అయోడిన్ మందు వేరు, కంటికి వాడే మందు వేరు. క్రియాటినిన్ 1.6 అనేది ఈ పరీక్షకు అడ్డం కాదు, పైగా కిడ్నీ మీద షుగర్ దెబ్బ కనిపిస్తోందంటే కంటిని ఇంకా జాగ్రత్తగా చూడటానికి అదే ఒక కారణం. ఓసీటీ యాంజియో మంచి పరీక్షే, కానీ అది చెప్పేది వేరు, మీ డాక్టర్ తెలుసుకోవాలనుకుంటున్నది బహుశా వేరు. చూపు బాగుంది కాబట్టి ఆగుదాం అనే ఆలోచన మాత్రం పూర్తిగా పక్కన పెట్టండి.

నేను రెటీనా విభాగంలో ఈ ఫోటోలు, స్కాన్లు, యాంజియోగ్రామ్‌లు తీసే ఆప్టోమెట్రిస్టును. ముందు హైదరాబాద్‌లో, ఇప్పుడు చాలా ఏళ్లుగా నల్గొండలో. వైద్యం ఏది చేయాలో నిర్ణయించేది రెటీనా డాక్టరే, అది నా పని కాదు. కానీ ఏ బొమ్మలో ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో, కుర్చీలో కూర్చున్నవాళ్లు దేనికి భయపడతారో రోజూ చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు చూపు సంగతి. మనం చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి వాడేది రెటీనా మధ్యలో ఉండే మాక్యులా అనే చిన్న భాగం మాత్రమే. షుగర్ వల్ల సన్న రక్తనాళాలు దెబ్బతినడం రెటీనాలో ఎక్కడైనా మొదలవుతుంది. మాక్యులాను ముట్టనంతవరకు పేషెంట్‌కు ఏమీ తెలియదు, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, బోర్డు మీద చివరి గీత కూడా చదివేస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి బియ్యం లోడు తీసుకెళ్లే ఒక లారీ డ్రైవర్ మా దగ్గరకు దగ్గరచూపు అద్దాల కోసం వచ్చాడు. రెండు కళ్లూ 6/6, అంటే పూర్తి చూపు. షుగర్ ఎన్నేళ్లుగా అని అడిగితే తొమ్మిదేళ్లు అన్నాడు, కంటి లోపల ఎప్పుడూ చూపించుకోలేదు. చుక్కలు వేసి ఫోటో తీస్తే రెండు కళ్లలోనూ నాలుగు వైపులా రక్తపు మచ్చలు. యాంజియోగ్రామ్ చేస్తే అంచుల్లో పెద్ద పెద్ద భాగాలకు అసలు రక్తమే అందడం లేదు, ఒక కంట్లో కొత్త నాళాలు మొలిచి ఉన్నాయి. ఆ నాళాలు ఏ రోజైనా పగిలి కన్నంతా రక్తం నిండవచ్చు, అది హైవే మీద బండి నడుపుతున్నప్పుడు కూడా కావచ్చు. డాక్టర్ లేజర్ చేశారు. అతను ఇప్పటికీ లారీ నడుపుతున్నాడు. చూపు పోయాక వచ్చి ఉంటే ఇంత మేలు జరిగేది కాదు.

లోపల జరిగేది ఇది. షుగర్ ఎక్కువగా ఉన్న రక్తం ఏళ్ల తరబడి పారితే సన్న నాళాల గోడలను పట్టి ఉంచే కణాలు చచ్చిపోతాయి. గోడ బలహీనపడిన చోట చిన్న బుడిపెలు వస్తాయి, వీటినే మైక్రో ఎన్యూరిజమ్స్ అంటారు, ఫోటోలో ఎర్రని చుక్కల్లా కనిపిస్తాయి. అక్కడి నుంచి రక్తంలోని నీరు, కొవ్వు కారి రెటీనా ఉబ్బుతుంది. ఇంకొన్ని చోట్ల నాళం మూసుకుపోతుంది. రక్తం అందని రెటీనా ఆక్సిజన్ కోసం విఈజీఎఫ్ అనే రసాయనాన్ని వదులుతుంది, దాంతో కొత్త నాళాలు పుడతాయి. ఇవి పని చేసే నాళాలు కావు, చాలా పలచన, తేలిగ్గా పగులుతాయి, తర్వాత మచ్చకట్టి రెటీనాను లాగేస్తాయి. అంటే జరిగే నష్టం రెండు రకాలు, కారడం ఒకటి, మూసుకుపోవడం ఇంకొకటి. ఏ పరీక్ష దేనికి అనేది అర్థం కావాలంటే ఈ రెండూ గుర్తు పెట్టుకుంటే చాలు.

క్యాంపులో తీసింది ఫండస్ ఫోటో. మామూలు కెమెరా ఒక ఫోటోలో దాదాపు 45 డిగ్రీల మేర రెటీనాను చూపిస్తుంది, అంటే మధ్య భాగం, కంటి నరం మొదలు, పెద్ద నాళాలు. అందులో ఎర్ర చుక్కలు, రక్తపు మచ్చలు, పసుపు కొవ్వు మచ్చలు, దూదిపింజల్లాంటి తెల్లమచ్చలు దొరుకుతాయి. మేము అదే ఫోటోను ఆకుపచ్చ వెలుగులో కూడా చూస్తాం. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుగును పీల్చేస్తుంది కాబట్టి నాళాలూ రక్తపు చుక్కలూ నల్లగా తేలుతాయి, రంగు ఫోటోలో కంటికి ఆనని చిన్న చుక్క కూడా అందులో దొరికిపోతుంది. మన ఒంట్లో కోత లేకుండా, సూది లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే అరుదైన చోట్లలో ఇదొకటి. అందుకే షుగర్ డాక్టర్లు, కిడ్నీ డాక్టర్లు కూడా కంటి రిపోర్టు అడుగుతారు.

ఇప్పుడు కొన్ని క్యాంపుల్లో కంప్యూటర్ ప్రోగ్రామే ఫోటో చూసి రెటీనా డాక్టర్ దగ్గరకు పంపాలా వద్దా చెప్పేస్తోంది. దీన్ని చూసి అనుమానపడేవాళ్లు ఉన్నారు కానీ దాని వెనక గట్టి పనే ఉంది. 2016లో గూగుల్ పరిశోధకులు జామా అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో మన అరవింద్, శంకర నేత్రాలయ ఆసుపత్రుల నుంచి వచ్చిన ఫోటోలు కూడా ఉన్నాయి. 2018లో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ఒక వ్యవస్థకు మొదటిసారి అనుమతి ఇచ్చింది. అయితే అది చెప్పేది పంపాలా వద్దా అన్నంతవరకే. వైద్యం చెప్పదు. ఇంకొక విషయం, ముసలివాళ్లకు కంటిపాప చిన్నగా ఉన్నా, మోతిబిందు (శుక్లం) ఉన్నా ఫోటో మసకగా వస్తుంది. రిపోర్టులో ఫోటో స్పష్టంగా లేదని రాసి ఉంటే జనం దాన్ని మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఫోటో సరిగా రాలేదంటే కన్ను బాగుందని కాదు, మళ్లీ చుక్కలు వేయించుకుని చూపించుకోవాలని. 

తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కంటి వెలుగులో చూపించుకున్నాం కదా, అద్దాలు కూడా ఇచ్చారు అని చాలామంది అంటారు. 2018లోనూ 2023లోనూ ఆ కార్యక్రమం ఊరూరికీ వచ్చింది, ఎంతోమందికి చూపు కొలిచి అద్దాలు ఇచ్చింది, మంచి పని. కానీ అద్దాల పరీక్ష వేరు, రెటీనా పరీక్ష వేరు. షుగర్ ఉన్నవాళ్లకు రెండోది విడిగా ఏటా కావాలి.

ఇక ఓసీటీ. ఇది వెలుగుతో తీసే స్కాన్, రెటీనాను కేకు ముక్క కోసినట్టు అడ్డంగా పొరలు పొరలుగా చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే మాక్యులా మధ్యలో మందం సుమారు పావు మిల్లీమీటరు. నీరు చేరితే పొరల మధ్య నల్లని గుంటలు కనిపిస్తాయి, మందం పెరుగుతుంది. పుట్టపాక వైపు నుంచి ఒక నేత కార్మికుడు వచ్చాడు, మగ్గం మీద పడుగు దారాలు మధ్యలో వంకరగా, అల కొట్టినట్టు కనిపిస్తున్నాయట, దారం తెగిందేమోనని పదే పదే తడిమి చూసుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లు అద్దాల నంబరు మారిందనుకున్నారు. ఓసీటీలో మాక్యులా మందం రెట్టింపు దగ్గర ఉంది. ఇది అద్దాలతో పోయేది కాదు. కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, వాపు దిగేకొద్దీ దారాలు సరిగ్గా కనపడటం మొదలైంది. వాపు ఉందా, ఎంత ఉంది, ఇంజెక్షన్‌కు తగ్గుతోందా అనే ప్రశ్నలకు ఓసీటీని మించింది లేదు. సూది లేదు, రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఎన్నిసార్లైనా తీయవచ్చు. కానీ అంచుల్లో ఎక్కడ రక్తం ఆగిపోయిందో అది చెప్పదు.

అక్కడికి కావాల్సింది మీ డాక్టర్ రాసిన పరీక్ష. పూర్తి పేరు ఫండస్ ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ, దవాఖానల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ అంటాం. 1961లో అమెరికాలో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు ఈ పద్ధతిని మొదటిసారి ప్రచురించారు, అంటే అరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నది, నిన్నమొన్న వచ్చిన ప్రయోగం కాదు. చేతి నరంలోకి ఫ్లోరెసిన్ అనే నారింజ రంగు మందు కొద్దిగా, మామూలుగా 500 మిల్లీగ్రాములు ఎక్కిస్తాం. పది పదిహేను సెకన్లలో అది కంటికి చేరుతుంది. నీలం వెలుగు వేస్తే ఆ మందు పసుపు ఆకుపచ్చ రంగులో మెరుస్తుంది, మేము వరుసగా ఫోటోలు తీస్తాం, మొదటి నిమిషంలో చకచకా, తర్వాత ఐదు పది నిమిషాల వరకు అప్పుడొకటి అప్పుడొకటి.

మన నల్గొండ బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపులను తలచుకోండి. చెట్లు వాడాయని పైనుంచి చూస్తే తెలుస్తుంది, కానీ ఏ లైను మూసుకుపోయింది, ఏ పైపు పగిలి నీళ్లు వృథాగా పోతున్నాయి అనేది నీళ్లు వదిలి వెంట నడిస్తేనే తెలుస్తుంది. రంగు ఫోటో వాడిన చెట్లను చూపిస్తుంది. యాంజియోగ్రామ్ నీళ్ల వెంట నడుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న రెటీనా నాళాల నుంచి ఈ మందు బయటకు రాదు, గోడలు అంత బిగువుగా ఉంటాయి. కాబట్టి మందు నాళం దాటి పొగలా పరుచుకుంటుంటే అక్కడ కారుతోందని అర్థం. మైక్రో ఎన్యూరిజమ్స్ ఆకాశంలో చుక్కల్లా మెరుస్తాయి, రంగు ఫోటోలో పది కనిపించిన చోట ఇందులో ఇంకా ఎన్నో బయటపడటం మామూలే. మందు అసలు చేరని చోట నల్లగా ఉండిపోతుంది, అది మూసుకుపోయిన భాగం. కొత్త నాళాలైతే దాచుకోలేవు, మొదట్లోనే మెరిసి, చూస్తుండగానే వాటి చుట్టూ వెలుగు ముద్దలా పెరిగిపోతుంది. రంగు ఫోటోలో ఇవి కొన్నిసార్లు మామూలు నాళాల్లో కలిసిపోయి మోసం చేస్తాయి. లేజర్ ఎక్కడ చేయాలి, చేసినచోట సరిపోయిందా, వాపు ఎక్కడి నుంచి వస్తోంది, ఓసీటీలో వాపు లేకపోయినా చూపు ఎందుకు తగ్గింది లాంటి ప్రశ్నలకు జవాబు ఇందులో దొరుకుతుంది. షుగర్ ఉన్న అందరికీ ఇది చేయరు, చేయనవసరం లేదు. తొలిదశలో రెండు మూడు చుక్కలు ఉన్నవాళ్లకు ఏటా ఫోటో చాలు. మీ అమ్మగారికి డాక్టర్ ఇది రాశారంటే ఫోటోలో కనిపించినదానికి మించి ఏదో ఉండవచ్చనే అనుమానం ఉండాలి.

కిడ్నీ భయం గురించి. గుండె యాంజియోగ్రామ్‌కు, కొన్ని సీటీ స్కాన్లకు వాడే మందులో అయోడిన్ ఉంటుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో దాని గురించి డాక్టర్లు జాగ్రత్తపడతారు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గోలీ ఆపమంటారు. చుట్టాలు ఆ మాటలే దీనికి అతికిస్తున్నారు. ఫ్లోరెసిన్‌లో అయోడిన్ లేదు, దీనికోసం మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు. ఇది ఎక్కువగా మూత్రం ద్వారా బయటకు పోతుంది, అందుకే కిడ్నీ మందగించినవాళ్లలో రంగు ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది, కొందరు డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు కూడా ఈ పరీక్ష చేస్తుంటాం, అయితే ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతికి సూది వేయం. కాబట్టి క్రియాటినిన్ రిపోర్టు దాచకుండా చూపించండి, పరీక్ష మాత్రం మానేయకండి.

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతిన్న నల్గొండ జిల్లా ఊళ్లు, మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంకో ప్రశ్న అడుగుతారు, మా నీళ్లలో ఉన్న ఫ్లోరిన్‌నే మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారా అని. అంత బాధపడిన ఊళ్లవాళ్లు అడగడంలో తప్పు లేదు. ఈ మందులో ఫ్లోరిన్ గానీ ఫ్లోరైడ్ గానీ లేదు, ఎముకలకు దీనితో సంబంధం లేదు.

అలాగని ఏమీ కాదని చెప్పను. మందు ఎక్కగానే కొందరికి వికారం వస్తుంది, కొద్దిమందికి వాంతి అవుతుంది, ఒక నిమిషంలో తగ్గిపోతుంది. గట్టిగా ఊపిరి తీసుకోమంటాం. కొందరికి దద్దుర్లు, దురద వస్తాయి, దానికి మందు ఇస్తాం. సూది నరం పక్కకు జారితే చేయి బాగా మంట పుడుతుంది, అందుకే ముందు సెలైన్ ఎక్కించి నరం సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాకే మందు ఎక్కించాలి. తీవ్రమైన అలర్జీ అరుదు. 1986లో అమెరికాలో ప్రచురించిన పెద్ద సర్వేలో తీవ్రమైన ఇబ్బంది సుమారు 1,900 పరీక్షలకు ఒకటి, మరణం 2,22,000 పరీక్షలకు ఒకటి అని తేలింది. అరుదే అయినా సున్నా కాదు, అందుకే ఎమర్జెన్సీ మందులు, ఆక్సిజన్, డాక్టర్ దగ్గరలో ఉన్నచోటే చేయించాలి. గతంలో ఈ మందుకే అలర్జీ వచ్చి ఉంటే, ఆస్తమా ఉంటే, ఈ మధ్యే గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే తప్పకుండా ముందే చెప్పాలి. గర్భిణులకు సాధారణంగా చేయరు. పాలిచ్చే తల్లులు కూడా ముందే చెప్పాలి, మందు పాలలోకి వెళ్తుంది.

పరీక్ష రోజు గురించి కొన్ని మాటలు, ఎందుకంటే ఇబ్బందులన్నీ ఇక్కడే వస్తాయి. యాంజియోగ్రామ్ అనగానే ఉపవాసం ఉండాలనుకుని, పొద్దున షుగర్ గోలీ వేసుకుని, ఏమీ తినకుండా దేవరకొండ నుంచి మొదటి బస్సుకు వచ్చి మా వరండాలో చెమటలు పట్టి కూలబడినవాళ్లను చూశాను. అది మందు వల్ల కాదు, షుగర్ పడిపోవడం వల్ల. మీ ఆసుపత్రి వేరే చెప్తే తప్ప తేలికగా టిఫిన్ తిని రండి, బీపీ గోలీలు మానకండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తిండి, డోసు రెండూ ముందురోజే ఫోన్ చేసి అడగండి. గుండెకు ఎకోస్ప్రిన్ వాడుతుంటే ఈ పరీక్ష కోసం ఆపనక్కర్లేదు. బీపీ చాలా ఎక్కువగా ఉంటే ఆ రోజు వాయిదా వేస్తారు, టెన్షన్ పడకండి. చుక్కలు వేశాక కంటిపాప పెద్దదవడానికి అరగంట పడుతుంది, తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా, ఎండ భరించలేనట్టుగా ఉంటుంది, కాబట్టి బండి నడపకూడదు, తోడు ఒకరు ఉండాలి, నల్లద్దాలు తెచ్చుకోండి. ఆ రోజంతా చర్మం పచ్చగా, మూత్రం ఒకటి రెండు రోజులు బాగా ముదురు పసుపుగా ఉంటుంది, కామెర్లు వచ్చాయని రాత్రి ఫోన్లు చేసేవాళ్లు చాలామంది. రక్తపరీక్షలు చేయించాల్సి ఉంటే యాంజియోగ్రామ్‌కు ముందే చేయించండి, రంగు రక్తంలో ఉన్నప్పుడు కొన్ని రిపోర్టులు తప్పుగా రావచ్చు.

ఇప్పుడు మీరు అడిగిన ఓసీటీ యాంజియో. ఇందులో మందు ఉండదు. ఒకే చోట వెంటవెంటనే చాలాసార్లు స్కాన్ తీసి, రెండు స్కాన్ల మధ్య కదిలింది ఏదో చూస్తుంది. రెటీనా కదలదు, ఎర్రకణాలు కదులుతాయి, కాబట్టి కదలిక ఉన్నచోట నాళం ఉన్నట్టు గీస్తుంది. మాక్యులా మధ్యలో నాళాలు లేని చిన్న ఖాళీ ఉంటుంది, షుగర్ వల్ల అది ఎలా పెద్దదవుతోందో, అంచులు ఎలా చిరిగినట్టు అవుతున్నాయో ఇది అద్భుతంగా చూపిస్తుంది, పొరలవారీగా కూడా. నాకు చాలా ఇష్టమైన పరీక్ష. కానీ కారడాన్ని ఇది చూపించలేదు, కదలికనే చూస్తుంది కాబట్టి. రక్తం మరీ నెమ్మదిగా పారే బుడిపెలు తప్పిపోతాయి. చాలా యంత్రాల్లో ఒకసారికి చూపించే భాగం మూడు నుంచి పన్నెండు మిల్లీమీటర్లు మాత్రమే, అంచులు రావు. పేషెంట్ కన్ను కదిపినా, కన్నీళ్లు ఆరిపోయినా, మోతిబిందు ఉన్నా బొమ్మలో అబద్ధపు గీతలు, అబద్ధపు నల్లమచ్చలు వస్తాయి, అలవాటు లేనివాళ్లు చూస్తే రక్తం ఆగిపోయిందనుకుంటారు. మీ డాక్టర్ అనుమానం మాక్యులా వరకే అయితే ఇది సరిపోవచ్చు. అంచుల్లో కొత్త నాళాల గురించైతే సరిపోదు. నిజంగా మందు పడనివాళ్లకు ఓసీటీ యాంజియో, దానితోపాటు హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో ఉండే వైడ్‌ఫీల్డ్ కెమెరా ఫోటో కలిపి చూస్తారు. ఆ కెమెరాల్లో కొన్ని ఒకే ఫోటోలో 200 డిగ్రీల వరకు, అంటే రెటీనాలో ఎనభై శాతం పైగా పట్టేస్తాయి. అదే కెమెరాతో మందు ఎక్కించి కూడా తీస్తారు. డాక్టర్‌ను ఒకే మాట అడగండి: ఈ పరీక్షతో మీరు ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు, దాన్ని బట్టి వైద్యం మారుతుందా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నకు కోప్పడరు.

రిపోర్టులో ఏ దశ అని రాస్తారో కూడా చూడండి. మైల్డ్, మోడరేట్, సివియర్ అని మూడు దశలు, ఆ తర్వాత కొత్త నాళాలు వచ్చిన ప్రొలిఫరేటివ్ దశ. రెటీనాను నాలుగు భాగాలుగా చూస్తే నాలుగింటిలోనూ ఎక్కువగా రక్తపు మచ్చలు, లేదా రెండు భాగాల్లో సిరలు పూసల్లా ఉబ్బడం, లేదా ఒక భాగంలో సన్న నాళాల అసహజ మెలికలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సివియర్ కిందికి వస్తుంది. సివియర్ దశలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఏడాదిలోపే కొత్త నాళాలు వస్తాయని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. అందుకే ఆ దశలో మూడు నాలుగు నెలలకే మళ్లీ రమ్మంటారు, ఏడాదికి కాదు. ప్రొలిఫరేటివ్ దశలో లేజర్ చేస్తే చూపు బాగా పోయే ప్రమాదం సగానికి తగ్గుతుందని 1970ల్లోనే తేలింది. ఇక్కడ ఒక అపోహ ఉంది, లేజర్ చేయించాక చూపు పెరగలేదని మా దగ్గర గొడవపడతారు. ఆ లేజర్ ఉన్న చూపును కాపాడటానికి, పెంచడానికి కాదు. మాక్యులా వాపుకు ఇచ్చే ఇంజెక్షన్లు మాత్రం చాలామందికి చూపును పెంచుతాయి, అయితే మొదట్లో నెలనెలా రావాలి, ఒకటి వేయించి మానేస్తే వాపు మళ్లీ వస్తుంది.

మీ పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కోస్గి వైపు నుంచి పుణెలో బిల్డింగు పనికి వెళ్లే ఒకాయనకు సివియర్ దశ ఉందని మూడు నెలల్లో రమ్మన్నారు. పని దొరికినప్పుడు వదిలి రావడం కష్టమే, ఏడాది దాటాక వచ్చాడు, ఒక కంట్లో నల్లదారాలు వేలాడుతున్నట్టు మొదలై తర్వాత పూర్తిగా పొగ కమ్మేసిందట. కంటి నిండా రక్తం, ఫోటో తీద్దామంటే ఏమీ కనిపించదు, అల్ట్రాసౌండ్ బీ స్కాన్‌తో రెటీనా ఊడిందో లేదో చూడాల్సి వచ్చింది. ఆ స్థితిలో పాత యాంజియోగ్రామ్ బొమ్మలు అతని ఫోన్‌లో ఉండటం ఆపరేషన్ చేసే డాక్టర్‌కు చాలా ఉపయోగపడింది, ఎక్కడ నాళాలు ఉన్నాయో, ఎక్కడ రక్తం ఆగిందో ముందే తెలిసింది. కాబట్టి రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, అసలు బొమ్మలు అడిగి ఫోన్‌లోకి ఎక్కించుకోండి. ముంబైలో ఉన్నా పుణెలో ఉన్నా అక్కడి రెటీనా డాక్టర్‌కు చూపించవచ్చు. కంటి ఫోటో విలువ ఒక్కసారి తీసినప్పటికన్నా పోయినేడాది ఫోటో పక్కన పెట్టి చూసినప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

కన్ను ఒక్కటే బాగు చేస్తే చాలదు. మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ), బీపీ, కిడ్నీ, రక్తహీనత, కొలెస్ట్రాల్ అన్నీ ఈ నాళాల మీద పడతాయి. ఇన్సులిన్ మొదలుపెట్టాకే కళ్లు పాడయ్యాయి అనే మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది. చాలా ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా బాగా దిగితే కొందరిలో రెటీనా మచ్చలు కొన్ని నెలలు పెరగడం నిజమే, షుగర్‌ను గట్టిగా అదుపు చేస్తే ఏమవుతుందో చూసి 1993లో ఫలితాలు వెలువరించిన డీసీసీటీ అధ్యయనంలో కూడా అది కనిపించింది, కానీ అదే అధ్యయనంలో ఏళ్లు గడిచేకొద్దీ షుగర్ అదుపులో ఉన్నవాళ్లకే కళ్లు బాగా మిగిలాయి. దీనికి పరిష్కారం ఇన్సులిన్ మానడం కాదు, మొదలుపెట్టే ముందు, తర్వాత కొన్ని నెలలకు కంటి ఫోటో తీయించడం. పెద్దవయసులో షుగర్ వచ్చినవాళ్లు అది తెలిసిన రోజునే మొదటి కంటి పరీక్ష చేయించాలి, ఎందుకంటే అప్పటికే ఎన్నేళ్లుగా లోపల ఉందో ఎవరికీ తెలియదు. ముందే షుగర్ ఉండి గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి.

ఖర్చు గురించి ముందే అడగండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఇబ్బందిగా ఉంటే హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో రెటీనా విభాగం ఉంది. ఏ వైద్యం ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెప్తారు.

అమ్మగారిని తీసుకెళ్లేటప్పుడు క్యాంపు ఫోటో, ఓసీటీ బొమ్మలు, క్రియాటినిన్, మూడు నెలల షుగర్ రిపోర్టులు, వాడుతున్న గోలీల చీటీ అన్నీ ఒకే కవర్లో పెట్టుకెళ్లండి. ఈలోగా ఎప్పుడైనా ఒక కంట్లో ఉన్నట్టుండి నల్లచుక్కలు, దారాలు, మెరుపులు గానీ, తెర దించినట్టు గానీ కనిపిస్తే అపాయింట్‌మెంట్ రోజు కోసం ఆగకుండా ఆ రోజే వెళ్లండి. యాంజియోగ్రామ్ అయ్యాక బొమ్మల్లో ఏదైనా అర్థం కాకపోతే పేరు, ఆసుపత్రి నంబరు చెరిపేసి ఇక్కడే కింద పెట్టండి, ఏ బొమ్మ ఏం చూపిస్తోందో చెప్తాను. వైద్యం గురించి మాత్రం మీ డాక్టర్ మాటే వినండి.